తిరిగి వెళ్ళిన వేళ

ఏప్రిల్ 9

నా చిట్టి రేంజరమ్మకి,

ఇల్లు చేరాను. ఒళ్ళు మాత్రమే చేరింది, మనసింకా నీ సరస్సు ఒడ్డునే తిరుగుతోంది. మీ అమ్మ తలుపు తీసి, నా మాసిన గడ్డం, బూట్లకున్న బురద చూసి, "ఎవరు కావాలండీ?" అంది. "నేను రేంజరుగారి నాన్నని" అన్నాను ఛాతీ విరుచుకుని. "అలాగా! అయితే ముందు స్నానాల గది అటుంది, దయచెయ్యండి" అంది. దాని నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు తల్లీ. పొద్దున్నే గుడారం జిప్పు లాగేసరికి నీళ్ళ మీద పాలపొంగులా మంచు! ముప్ఫై నాలుగేళ్ళు బస్సు డిపోలో డీజిలు పొగ తప్ప మరో పొగ చూడని ముఖం నాది. ఆ మంచులోంచి ఎవరో ఇద్దరు చప్పుడు లేకుండా పడవ తోసుకుంటూ పోతుంటే నాకు ఊపిరి తీసుకోవడానికి కూడా మొహమాటమేసింది. సాయంత్రాలు నెగళ్ళ చుట్టూ చేరి పరిచయం లేనివాళ్ళు ఒకరికొకరు టీ అందించుకోవడం, తిండి మూటలు ఎలుగుబంట్లకి అందకుండా తాడుతో చెట్టుకొమ్మకి వేలాడగట్టడం, అన్నీ నాకు వింతే. అన్నిటికన్నా వింత నువ్వు. మోటారు పడవలో నిలబడి వస్తుంటే గుడారాల్లోంచి జనం లేచి నిలబడ్డారు. నేనూ లేచాను. కూతురికి లేచి నిలబడ్డ తండ్రులు ఎంతమంది ఉంటారు చెప్పు!

నాలుగేళ్ళు నీతో మాట్లాడకపోవడం నా మూర్ఖత్వం. ఆడపిల్లకి అడవిలో ఉద్యోగమేమిటని పంతం పట్టాను. ఆ పంతమంతా నీ నీళ్ళలోనే కడిగేసుకున్నాను, నువ్వూ కడిగెయ్. పాలవాడికి చెప్పాను, మందుల షాపతనికి చెప్పాను, జుట్టు కత్తిరించే అతను కత్తెర ఆపేసి మరీ విన్నాడు.

ఇంకో మాట. ఆఖరి మూడు రోజులు, మీ గేటు ఉద్యోగి, అదే మన టోపీ తమ్ముడు, కంటి ఆపరేషనుకి వెళ్తే, నన్ను గేటు దగ్గర కూర్చోబెట్టావు. "ఊరికే కూర్చో నాన్నా, ఎవరైనా వస్తే వైర్‌లెస్‌లో నన్ను పిలు, ఇంకేం ముట్టుకోకు" అన్నావు. చెయ్యి ఊరుకుంటుందా? వచ్చేముందు నీకో సాయం చేసి వచ్చాను. ఏమిటో చెప్పను. నువ్వే చూసి మురిసిపో.

సంతోషంతో కాళ్ళు నేల మీద ఆనని,
మీ నాన్న

ఏప్రిల్ 17

నాన్నకి,

టపా లాంచీ గురువారం ఒక్కరోజే వస్తుంది కాబట్టి నీ ఉత్తరం ఇవాళే అందింది. రెండుసార్లు చదివాను. మురిసిపోవడానికి కాదు.

నువ్వు వెళ్ళాక నాకు మిగిలినవి చెప్తాను. ఆరో నంబరు గుడారం వాళ్ళు రాళ్ళ గుంటలో కాకుండా గడ్డి మీద నెగడు వేశారు. అడిగితే, "రేంజరుగారి నాన్నగారే ఫర్వాలేదన్నారు" అన్నారు. నువ్వు పళ్ళ తొక్కలు విసిరిన చోటికి ఎలుగుబంటి మూడు రోజులు వరసగా వచ్చింది. దాన్ని తరమడానికి మేం పడ్డ పాట్లు నీకు వింతగానే ఉంటాయిలే.

నాలుగేళ్ళు మాట్లాడలేదు. నా ఉద్యోగం మొదటి రోజు ఫోన్ చేస్తే పెట్టేశావు. ఇప్పుడు యూనిఫాం చూడగానే ఊరంతా టముకు వేస్తున్నావు. అప్పుడు నేను నీకు అక్కర్లేదు, ఇప్పుడు నా టోపీ, బూట్లూ కావాలి. నువ్వు కడిగేసుకుంటే పోయే మరకలు కావివి.

ఒక్కటే అడుగుతున్నాను. గేటు రిజిస్టరు ముట్టుకున్నావా? అవునో కాదో రాయి. కబుర్లు రాయకు. ఇంకెప్పుడూ ఇక్కడికి రావద్దు.

రేంజరు

ఏప్రిల్ 23

కోపిష్టి తల్లికి,

దొరికిపోయాను! డిపోలో కూడా నా చేతిరాత ఎవరైనా ఇట్టే పట్టేసేవాళ్ళు.

అవునమ్మా, ముట్టుకున్నాను. నేను టైమ్ కీపర్‌ని. బయటికి వెళ్ళిన ప్రతి బస్సుకీ తిరిగొచ్చిన వేళ రాయాలి. గడి ఖాళీగా ఉంటే తెల్లారేసరికి మెమో. డ్రైవర్లు సంతకం మరిచిపోయి ఇంటికి పోతుంటారు, నేను షెడ్డులో బస్సు ఉందో లేదో చూసి నింపేసేవాణ్ణి. రాను రాను చూడటం కూడా అక్కర్లేకపోయింది, ఏ బస్సు ఎన్నింటికి వస్తుందో నాకు నోటికి వచ్చు. ముప్ఫై నాలుగేళ్ళలో నా పుస్తకంలో ఒక్క ఖాళీ లేదు. ఆ మాట రాసి, చట్రం కట్టి, రిటైరైన రోజున ఇచ్చారు.

నీ పుస్తకం చూశాక నా ప్రాణం ఉసూరుమంది. "తిరిగి వెళ్ళిన వేళ" అన్న గడిలో పదకొండు ఖాళీలు! పై ఆఫీసరు తనిఖీకి వస్తే ఎవరికి మాట? నా చిట్టికి! అందుకే ఆరో తారీకు సాయంత్రం కూర్చుని, ఆ రోజు వెళ్తామని రాసినవాళ్ళందరికీ "సాయంత్రం 5" అని ముత్యాల్లా నింపేశాను. ఆ పేజీ ఇప్పుడు చూస్తే కళ్ళకద్దుకోవాలనిపిస్తుంది.

నువ్వు ఇంత కోపంగా అడుగుతుంటే నాకు నవ్వొచ్చింది. చిన్నప్పుడూ అంతే, పుట్టినరోజు గౌను ముందే చూసేస్తే సంతోషం దాచుకోవడానికి మూతి ముడిచేదానివి.

తొక్కల సంగతి తప్పే. రావద్దన్న మాట విననట్టే ఉంటాను.

గడుసువాడని నువ్వు తిట్టే,
మీ నాన్న

మే 1

నాన్నకి,

మూతి ముడుచుకుని దాచుకున్న సంతోషం ఏమిటో చెప్తాను. కూర్చుని చదువు.

అన్నిటికన్నా దూరంగా, మలుపు అవతల ఉన్న పన్నెండో నంబరు గుడారంలో ఒక లెక్కల టీచరు ఒంటరిగా దిగింది. యాభై రెండేళ్ళు. ఏప్రిల్ 5 సాయంత్రం అవతలి ఒడ్డున బండ మీంచి జారి, కాలు విరిగి, వాగు పక్కన పడిపోయింది. 6న వెళ్తానని రిజిస్టరులో రాసింది. ఆ రోజు చీకటి పడేసరికి ఆవిడ గడి ఖాళీగా ఉంటే, 7 తెల్లవారుతూనే మా పడవ బయల్దేరుతుంది. అది ఇక్కడి పద్ధతి. నేను ఆ రాత్రి టార్చితో రిజిస్టరు చూశాను. పన్నెండో నంబరు, సాయంత్రం 5. వెళ్ళిపోయిందనుకున్నాను. గుడారం అలాగే ఉందేమిటని ఎవరూ చూడలేదు, ఎందుకంటే అటు వెళ్ళే పనే లేదు. 9 ఉదయం కాలేజీ పిల్లలు పడవల్లో వెళ్తూ చూశారు. పాదం నిలుస్తుందో లేదో డాక్టర్లు ఇంకా చెప్పడం లేదు. నీ ఊళ్ళోనే పెద్దాసుపత్రిలో ఉంది.

ఆ గడి ఖాళీగా ఉండటానికే ఉంది నాన్నా. ఆ ఖాళీ కోసమే ఆ పుస్తకం పెట్టాం. గేటు దగ్గర బోర్డు నేనే రాయించాను: "దెబ్బ తగిలితే, దారి తప్పితే, ఉన్నచోటే ఉండండి. మీ పేరు పక్కన ఖాళీ ఉంటే మేమే వస్తాం." దాని కింద కూర్చునే నువ్వు నింపావు.

ఇప్పుడు విచారణ. టోపీ బాబాయికి సెలవు నేను నోటిమాటగా ఇచ్చాను. కాయితం మీద ఆయన డ్యూటీలోనే ఉన్నాడు, రిజిస్టరు ఆయన బాధ్యత. ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. ఆయన ఉద్యోగం పోతుంది, లేదా నాది. సంజాయిషీ పదో తారీకులోగా ఇవ్వాలి. ఏం జరిగిందో అదే రాస్తాను.

నువ్వు చట్రం కట్టించుకున్న కాయితం దించెయ్.

రేంజరు

మే 6

అమ్మాయికి,

ఉత్తరం మీ అమ్మ చదివి వినిపించింది. నా కళ్ళు మధ్యలోనే ఆగిపోయాయి.

నేను చంపాలని రాశానా? నువ్వు రాసిన తీరు చూస్తే నేనేదో కత్తి పట్టుకుని తిరిగినట్టుంది. అసలు యాభై రెండేళ్ళ మనిషి ఒంటరిగా అడవికి ఎందుకు రావాలి? బండలు ఎక్కమని ఎవరు చెప్పారు? ఆ టోపీవాడు కంటి ఆపరేషను మరో వారంలో చేయించుకుంటే కొంపలు మునిగేవా? పుస్తకం అంత ముఖ్యమైనదైతే పెట్టెలో పెట్టి తాళం వేసుకోవాలి. ముసలివాణ్ణి కూర్చోబెట్టి, కలం చేతికిచ్చి, ఇప్పుడు నేరం నాదంటావా? కూర్చోమన్నది నువ్వు!

ఒక మాట చెప్తున్నా విను. విచారణలో నా పేరు రానివ్వకు. డెబ్బై ఒకటి వచ్చాయి నాకు. నా డిపో మనుషులంతా ఇంకా ఈ ఊళ్ళోనే ఉన్నారు. కన్నతండ్రిని విచారణలో నిలబెట్టిందన్న పేరు నీకు మాత్రం మంచిదా? వాడికి మిగిలింది రెండేళ్ళ సర్వీసు, నీకు ఇంకా ఇరవై ఏడేళ్ళుంది. కొంచెం ముందు వెనకలు చూసుకో. ఇన్నాళ్ళూ నా మాట ఒక్కటీ వినలేదు నువ్వు. ఈ ఒక్కటి విను.

మీ నాన్న

మే 14

నాన్నకి,

నీ మాట విన్నాను. తృప్తేనా?

పదో తారీకున సంజాయిషీ పంపాను. "గేటు ఉద్యోగి లేని సమయంలో ఒక సందర్శకుడు రిజిస్టరులో రాసినట్టు తెలుస్తోంది" అని రాశాను. ఆ సందర్శకుణ్ణి అక్కడ ఎవరు కూర్చోబెట్టారో రాయలేదు. నాకేమవుతాడో రాయలేదు. దానర్థం టోపీ బాబాయి గేటు గాలికి వదిలేసి పోయాడనే. తెలిసే రాశాను.

నీ కోసం రాశానని చెప్పుకుంటున్నాను. నీ కోసమే కాదు. తెల్లారి పడవ తీయకపోతే ఆ రోజు నాకు రోజులా ఉండదు. ఈ నీళ్ళు వదిలి ఉండలేను. బాబాయి ఇవాళ కంటికి నల్లద్దాలు పెట్టుకుని వచ్చి, "మీరున్నారుగా మేడమ్, నాకేం భయం" అన్నాడు. తల ఊపాను.

నేను నీ కూతురినేనని ఇప్పుడు రూఢి అయింది. ఖాళీగా వదలాల్సిన చోట అబద్ధం నింపాను. అదీ ముత్యాల్లాంటి అక్షరాలతోనే.

ఇది నీకు చేస్తున్న ఆఖరి పని.

రేంజరు

మే 14

తల్లీ,

నా కిందటి ఉత్తరం చింపెయ్. అందులో రాసిందేదీ మనిషి రాయాల్సింది కాదు.

సోమవారం పెద్దాసుపత్రికి వెళ్ళాను. ఆవిడతో దెబ్బలాడదామనే వెళ్ళాను, నిజం చెప్తున్నా. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. "ఎవరండీ మీరు?" అంది. "ఒంటరిగా ఎందుకు వెళ్ళారమ్మా అడవికి?" అన్నాను. "ఏడాదికి నలభై మంది పిల్లలు సార్, వారం రోజులు ఎవరి గొంతూ వినబడకుండా ఉందామని" అంది నవ్వుతూ. ఆ నవ్వుతో నా దెబ్బలాట సగం చచ్చింది.

తనే చెప్పింది. మొదటి రోజు అరిచిందట. చేతుల మీద పాకితే బాట నాలుగొందల అడుగుల దూరం కూడా లేదట. "పాకుదామనే అనుకున్నాను. కానీ బోర్డు గుర్తొచ్చింది, ఉన్నచోటే ఉండమని. గేటు దగ్గర నా పేరు పక్కన ఖాళీ ఉంది కదా, పొద్దున్నే వస్తారు అనుకున్నాను. రెండో రోజూ అదే అనుకున్నాను. మూడో రోజుకి పాకే ఓపిక లేదు" అంది. నువ్వు చెప్పినట్టే చేసింది తల్లీ. నిన్ను నమ్మి కదలకుండా పడుకుంది.

అప్పుడు చెప్పాను, ఆ గడి నింపింది నేనేనని. ఎందుకు నింపానో కూడా చెప్పాను, డిపో సంగతంతా. నా చేతుల వంక చూసింది. "చెయ్యని లెక్కకి జవాబు వేసేవాళ్ళని పాతికేళ్ళుగా తిడుతున్నాను" అంది. "ఇన్నాళ్ళకి నాకే తగిలారు. వెళ్ళండి." లేచాను. తలుపు దగ్గర ఉండగా, "పాదం ఉంటుందట. కుంటుతాను" అని గోడవైపు తిరిగింది. క్షమించమని అడిగే మొహం లేదు.

అక్కణ్ణుంచి ఇంటికి రాలేదు. నీ పెద్దాఫీసుకి పోయాను. ఆ రోజు కూర్చోబెట్టి, కూర్చోబెట్టి, రేపు రమ్మన్నారు. మర్నాడు విచారణాధికారి పిలిచాడు. కళ్ళద్దాలు నుదుటికి ఎక్కించుకుని నీ సంజాయిషీ చూపించాడు. "సందర్శకుడు" అని ఉంది. రోషం పొడుచుకొచ్చింది చిట్టీ, పది రోజులు నీ చేతి టీ తాగినవాణ్ణి సందర్శకుణ్ణా అని. ఆ వెంటనే నా ఉత్తరం గుర్తొచ్చింది. ఆ మాట నీ చేత రాయించింది నేనే.

ఆయన మంచివాడే. "పెద్దాయనా, ఇది ఇలాగే వదిలేస్తే ఆ అమ్మాయికి మందలింపుతో పోతుంది. దెబ్బ గేటు అతని మీద పడుతుంది. మీరు రాసిస్తే ఆమె మీదికి తిరుగుతుంది. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి" అన్నాడు. ఆలోచిస్తే రాయనని నాకు తెలుసు. కాయితం అడిగాను. కూర్చోబెట్టింది నా కూతురు, ముట్టుకోవద్దన్నా వినకుండా రాసింది నేను, సెలవు తీసుకుని వెళ్ళినవాడికి ఏ పాపం తెలియదు అని రాశాను. ఈసారి అక్షరాలు ముత్యాల్లా రాలేదు. బాంధవ్యం అన్నచోట "తండ్రి" అని రాశాను.

నీ ఉద్యోగానికి ఏమవుతుందో తెలియదు. తెలిసే రాశానని మాత్రం చెప్తున్నాను, మోసం చెయ్యకూడదు.

మీ నాన్న

మే 29

నాన్నకి,

నన్ను పెద్దాఫీసు రికార్డు గదికి వేశారు. హోదా ఒక మెట్టు దించారు. మూడేళ్ళ దాకా సరస్సు వైపు పోస్టింగు అడగకూడదు. కిటికీ తెరిస్తే ఎదురుగా పక్క భవనం గోడ.

నువ్వు నోరు మూసుకోమన్నావు. మూసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక నీ మాట విన్నది అదొక్కసారే. నేను విన్న మూడో రోజుకి నువ్వే వెళ్ళి తిరగరాసి వచ్చావు. ఆసుపత్రికి వెళ్ళేముందు నాకొక మాట చెప్పి ఉంటే, ఆ కాయితం నేనే వెనక్కి తీసుకునేదాన్ని. నా తప్పు నేనే దిద్దుకునే అవకాశం కూడా నాకు మిగల్చలేదు. ఇప్పుడు ఫైల్లో ఏముందో తెలుసా? అబద్ధం రాసిన కూతురు, నిజం చెప్పిన తండ్రి. బాగుంది. దాన్ని కూడా చట్రం కట్టించుకో.

లాంచీ ఎక్కే రోజు టోపీ బాబాయి నా ట్రంకు మోసుకొచ్చాడు. వద్దంటే వినలేదు. ఎప్పుడూ తియ్యని టోపీ తీసి, "నా కోసం మీ ఉద్యోగం పోగొట్టుకున్నారు మేడమ్" అని ఏడ్చాడు. నేనే తనని ముంచబోయానని ఎవరూ చెప్పలేదు కాబోలు. నేనూ చెప్పలేదు. ఆ కన్నీళ్ళు నాకు చెందవు, నీకు పంపిస్తున్నాను, తీసుకో.

ఉత్తరాలు రాయకు. ఆఫీసుకి రాకు. మీ ఊళ్ళోనే ఉన్నాను కదా అని హాస్టలు వెతుక్కుంటూ అసలు రాకు.

(రేంజరు అని రాయబోయి ఆగాను.)

జూన్ 4

అమ్మా,

రాయవద్దన్నావు. ఇదొక్కటీ రాసి మానేస్తాను.

అతని కన్నీళ్ళు నేను తీసుకోను. అవి నీకూ కావు, నాకూ కావు. వెళ్ళి అతనికి నిజం చెప్పు. నువ్వు చెప్పేదాకా ఆ టోపీ నీ కళ్ళముందు కదులుతూనే ఉంటుంది. నేను చెప్పగలను, ఈ వారమే వెళ్ళి చెప్పగలను. చెప్పను. ఆ గడి నీది.

ముందుగా నీకు చెప్పాల్సిందన్నావు. ఆ మాట మీ అమ్మా అంది, "దాన్ని అడిగారా?" అని. అడగలేదు. అడిగితే నువ్వు నీళ్ళ గురించి చెప్తావు, నాకు దయ పుడుతుంది, కలం కింద పెట్టేస్తాను. నా సంగతి నాకు తెలుసు. అయినా అడగాల్సింది.

టీచరుని నిన్న ఇంటికి పంపించారు. మెట్ల దగ్గర్నుంచి రిక్షా దాకా ఆవిడ సంచి పట్టుకున్నాను. కాదనలేదు, అవుననలేదు. ఎక్కాక సంచి లాక్కుంది.

మీ ఆఫీసు వీధి మీదుగా ఇక బస్సులో కూడా పోను, చుట్టూ తిరిగి పోతాను. తిట్టాలనిపిస్తే తిట్టు. నీ చేతిరాత చూస్తే చాలు అనే రకంగా తయారయ్యాను, కానీ అందుకు రాయమని అడగడం లేదు.

ఈ చేత్తో నీకు రెండుసార్లు రాతపని చేశాను. రెండుసార్లూ పోయింది నీ సరస్సే. మొదటిదానికి నీ కాళ్ళు పట్టుకుంటాను, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చి పట్టుకుంటాను. రెండోదానికి పట్టుకోను.

మీ నాన్న